మేకుల డబ్బా

"రాశావా అమ్మడూ? 'బావా' దగ్గరే ఆగిపోయావేం?"

"ఆగింది నేను కాదు తాతా, నువ్వు. 'బావా' అని రాయించి పైకప్పు చూస్తూ కూర్చున్నావు."

పళ్ళ డాక్టరు గది. వాలుకుర్చీలో తాత, పక్కన ఎత్తు పీట మీద, డాక్టరైన మనవరాలు. ఆయన ఎడమ దవడకు సూది వేసింది. మొద్దుబారేదాకా పని మొదలుపెట్టడానికి లేదు.

"నా మాట నెమ్మదని తెలుసుగా. దానికి తోడు నువ్వు సగం మొహం చంపేశావు. రాయి. 'బావా, రేపు పొద్దున వడ్రంగి వస్తాడు. కొట్టు మధ్యలో చెక్క గోడ పెడతాడు. వీధి వైపు సగం నీది. వెనక సగం నాది.' రాశావా?"

"గోడా? ఏ గోడ? తాతా, ఆ సోఫాల రిపేరు కొట్టు మీరిద్దరూ కలిసి పెట్టింది కదా!"

"కలిసే పెట్టాం. మీ అమ్మ పుట్టకముందు. అయితే?"

"అయితే ఏంటి! మూడు సీట్ల సోఫా వస్తే ఎవరి సగంలో విప్పుతారు? అడ్డం పెడితే గోడకి తగులుతుంది."

"నిలబెట్టి విప్పుతా. నీకెందుకు? నువ్వు రాసే మనిషివి, రాయి."

"అమ్మమ్మకి చెప్పావా?"

"మీ అమ్మమ్మకి ఎందుకు చెప్తాను? వాడు ఆవిడ అన్న. చెప్పీ చెప్పకముందే అన్న చెవిలో పడుతుంది. ముందు గోడ లేవనీ, తర్వాత ఆవిడే చూస్తుంది. రాయి. 'కారణం నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ నోట్లో పురుగు నా నోట్లోకి వచ్చింది.'"

"ఇది నేను రాయను."

"ఎందుకు రాయవు? చదువుకున్నది నువ్వేగా. నాకు సంతకం దాటి చెయ్యి పోదు."

"చదువుకున్నాను కాబట్టే రాయను. పంటి పురుగు అని ఒకటి లేదు తాతా. బావ తాత నోట్లోంచి అది లేచి నడిచి నీ నోట్లోకి రావడం అంతకంటే లేదు."

"బావ తాతట, బావ తాత! నేను 'బావా' అని పిలిచేది విని చిన్నప్పుడు పట్టుకున్నావు ఆ పేరు. ఇంకా వదల్లేదు. మీ బావ తాత నోరు ఎప్పుడైనా చూశావా? తలుపులూడిన బీరువా. లోపల రెండు అరలు మిగిలాయి. నా నోరు చూడు. చూస్తున్నావుగా. రెక్సిన్ గుడ్డ పళ్ళతో పట్టి చింపేవాణ్ణి. కొట్టుకొచ్చిన వాళ్ళు కత్తెర లేదా అని అడిగేవాళ్ళు. పళ్ళ డాక్టరు గడప తొక్కని మనిషిని. ఈ ఏడు ఏమైంది? ఎడమ పక్క ఒకటి పుచ్చె. దాని పక్కది పుచ్చె. పైది నల్లబడె. ఉన్నట్టుండి ఎలా వస్తుంది చెప్పు? ఎవరో తెచ్చి పెడితేనే."

"తెచ్చి పెట్టడానికి అదేమైనా పార్సిలా?"

"పార్సిలే. మేకుల డబ్బాలో వచ్చింది."

"ఏ మేకుల డబ్బా?"

"అదీ, ఇప్పుడు దారిలోకొచ్చావు. విను. సోఫాకి గుడ్డ వేసేటప్పుడు ఓ చెయ్యి గుడ్డ లాగి పట్టుకోవాలి. వదిలితే ముడతే. రెండో చేత్తో సుత్తి. మేకు పట్టుకోడానికి మూడో చెయ్యి ఏదీ? అందుకని నోరు. గుప్పెడు చిన్న మేకులు ఎడమ బుగ్గలో పోసుకుంటాం. నాలిక ఒక్కోదాన్నీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదాల మధ్య పెడుతుంది. సుత్తికి అయస్కాంతం ఉంటుంది, అది అక్కణ్ణించి అందుకుంటుంది. టక్, టక్. చెయ్యి ఆగదు, నోరు ఆగదు. నేనూ మీ బావ తాతా ఎదురెదురు కూర్చుని కొడుతుంటే వీధిలో వాళ్ళు రైలు పోతుందనుకునేవాళ్ళు."

"నాకు తెలుసు. చిన్నప్పుడు చూసి నేనూ గుండు సూదులు నోట్లో పెట్టుకుంటే అమ్మ వీపు చీరేసింది."

"ఆ. ఇప్పుడు అసలు సంగతి. ఇద్దరికీ డబ్బా ఒకటే. వాడు గుప్పెడు పోసుకుంటాడు, సగం కొడతాడు, ఎవరో పిలుస్తారు. మిగిలినవి?"

"మిగిలినవి?"

"డబ్బాలోకి ఉమ్ముతాడు."

"ఛీ!"

"నేను చెయ్యి పెట్టి అవే నోట్లో పోసుకుంటా."

"ఛీ, ఛీ! తాతా! మరి నువ్వు మిగిలినవి ఏం చేసేవాడివి?"

"నేనూ డబ్బాలోకే. మరెక్కడికి? మేకులు పారేస్తామా? కానీ నా నోరు శుభ్రం. వాడిది కాదు. అదీ తేడా."

"ఈ పురుగు కథ నీకు ఎవరు చెప్పారు?"

"సెలూన్ కుర్రాడు. గడ్డం గీస్తూ చెప్పాడు. ఒకళ్ళ ఎంగిలి ఇంకొకళ్ళకి తగిలితే పంటి క్రిములు అంటుతాయట, ఫోన్‌లో చూశాడట. కత్తి నా గొంతు మీద ఉంది, కాదనలేకపోయాను. ఇంటికొచ్చి పడుకుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ కలిసొచ్చింది."

"ఏం కలిసొచ్చింది?"

"వాడి నడత. ఏడాది కిందట, నన్నొక్క మాట అడక్కుండా, పిన్నుల గన్ను తెచ్చాడు. టపటపా పేలుతుంది చూడు, అది. 'ఇక మేకులొద్దు బావా, దీంతో కొడదాం' అన్నాడు. ఎందుకు అంటే 'కాలం మారింది' అన్నాడు. చొక్కా గుండీ తెగితే మార్చని మనిషి, కాలం మారిందట! మర్నాడు పొద్దున పోయి చూస్తే కొట్లో ఒక్క మేకు లేదు. అటక మీద పొట్లాలతో సహా మాయం. ఎక్కడ పెట్టావు బావా అంటే, తుప్పు పట్టాయి పారేశా అన్నాడు. కొత్త పొట్లాలు! తుప్పేంటి?"

"అది కాస్త వింతగానే ఉంది."

"వింత కాదు, దొంగతనం కప్పిపుచ్చడం. ఆనవాళ్ళు లేకుండా చేశాడు. ఇంకోటి విను. మధ్యాహ్నం తిన్నాక నేను కుర్చీలో కునుకు తీస్తాను. ఓ రోజు కళ్ళు తెరిస్తే వాడి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. చేతిలో టార్చి. నా నోట్లోకి చూస్తున్నాడు!"

"టార్చి వేసుకుని?"

"టార్చి వేసుకుని. 'ఏంటి బావా?' అన్నాను. 'దోమ' అన్నాడు. పట్టపగలు నా నోట్లో దోమ కోసం టార్చి వేస్తాడా ఎవడైనా? అప్పుడు తెలీలేదు నాకు. ఇప్పుడు తెలిసింది. తన పురుగు నా నోట్లో పని మొదలుపెట్టిందా లేదా అని చూసుకుంటున్నాడు."

"తాతా, ఎవరైనా అలా చూసుకుంటారా?"

"అసూయ తల్లీ. నా పళ్ళ మీద వాడికి మొదటి నించీ ఏడుపు. ఫొటోలో నేను నవ్వుతాను, వాడు పెదాలు బిగించుకుంటాడు. ఆ గన్నైనా వాడికి చేతయిందా? తెచ్చిన కొత్తలోనే తన వేలికే కొట్టుకున్నాడు. కుడి చేతి చూపుడు వేలు. నెల పైన కట్టు. ఇప్పటికీ ఆ వేలు సరిగ్గా వంగదంటాడు. గుడ్డ లాగాలంటే 'బావా, కాస్త నువ్వు లాగు' అని నన్నే పిలుస్తాడు. అదీ వేషమే. పని తప్పించుకోడానికి."

"బుగ్గ గిల్లుతున్నాను. తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అయితే ఇంకా పట్టలేదు. సరే, అది పట్టేదాకా నేను చెప్పేది విను. నచ్చకపోతే అప్పుడు నువ్వేం చెప్తే అది రాస్తాను, పురుగుతో సహా."

"ఒట్టా?"

"ఒట్టు. నోట్లో కంటికి కనిపించని క్రిములు ఉంటాయి. బ్యాక్టీరియా. బోలెడు రకాలు. అందరి నోట్లోనూ ఉంటాయి. నీ నోట్లో పాలపళ్ళు వచ్చినప్పటి నించీ ఉన్నాయి."

"నా నోట్లో లేవు."

"ఉన్నాయి."

"ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు? మీ అమ్మ ముద్దు పెట్టినప్పుడు, నోటితో ఊది చల్లార్చి తినిపించినప్పుడు, అలా వచ్చి చేరతాయి. పసిపిల్లల నోట్లోకి పెద్దవాళ్ళ నోటి నించి అంటే మాట నిజమే, సెలూన్ కుర్రాడు పూర్తిగా తప్పు చెప్పలేదు."

"చూశావా!"

"ఆగు. పసిపిల్లలకి అన్నాను. నీ వయసు నోరు బస్సు లాంటిది, సీట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి. కొత్తగా ఎక్కినవాడు నిలబడాల్సిందే. కూర్చున్నవాళ్ళు ఊరికే లేవరు. అసలు ఎక్కనే ఎక్కవని నేననను. ఎక్కినా నెగ్గుకు రావడం కష్టం."

"కూర్చున్నవాళ్ళంటే ఎవరు?"

"అందులో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి."

"ఎలా గుర్తుపడతారు? టోపీలు పెట్టుకుంటాయా?"

"చేసే పనిని బట్టి. పుండు మీద పోస్తే బుసబుసా నురగొచ్చే మందు ఉంటుంది చూడు, వేలు తెగితే నువ్వు పోసుకునేది?"

"కొట్లో ఉంది సీసా."

"మంచివాటిలో కొన్ని ఆ మందునే తయారుచేస్తాయి. చిటికెలో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ పక్కనున్న చెడ్డదానికి అది పడదు. దాంతో చెడ్డది ఓ మూల ముడుచుకుని పడుంటుంది."

"నా నోట్లో మందు తయారవుతోందా? నాకు చెప్పకుండా?"

"ఆ చెడ్డదీ తక్కువ తినలేదు. దానికీ ఓ విషం ఉంది, పక్కవాళ్ళ మీద చల్లుతుంది. రాత్రీ పగలూ వాటికి ఇదే పని, చోటు కోసం కొట్లాట. ఏళ్ళ తరబడి నీ నోట్లో మంచివాళ్ళదే పైచేయి. అందుకే పళ్ళు అలా ఉన్నాయి."

"మరి ఇప్పుడు వాళ్ళకేం వచ్చింది? ముసలాళ్ళయిపోయారా నాలాగా?"

"చెడ్డదానికి మేత పడింది. దాని మేత పంచదార. పంచదార దొరికితే రెండు పనులు చేస్తుంది. ఒకటి, జిగురు కాస్తుంది."

"జిగురా?"

"జిగురే. పంటికి అతుక్కోడానికి. నువ్వు స్పాంజికి పూస్తావు చూడు, అలా పట్టేస్తుంది. రెండోది, పుల్లటి యాసిడ్ వదుల్తుంది. పన్ను కరిగేది ఆ పులుపుకే. ఆ పులుపులో మంచివి బతకలేవు, చెడ్డది బతుకుతుంది. అవి ఓ సీటు వదిలితే ఇది కూర్చుంటుంది. అంతే తాతా. ఎవరు గెలిచేదీ, ఎవరికి తిండి పెట్టామన్నదాన్ని బట్టి. బయటి నించి ఎవడూ రానక్కర్లేదు."

"చెవిలో పువ్వు పెట్టట్లేదు కదా?"

"నీ చెవిలో వెంట్రుకలకే చోటు లేదు. ఇప్పుడు నేనడిగినదానికి చెప్పు. మేకులు నోట్లో పెట్టుకోవడం ఎప్పుడు మానేశావు?"

"చెప్పానుగా. వాడు మాయం చేసినప్పుడు. ఏడాది దాటింది."

"పళ్ళు ఎప్పుడు పుచ్చాయి?"

"ఈ మధ్యే. ఆరేడు నెలలై ఉంటుంది జివ్వుమనడం మొదలై."

"అంటే, అన్నేళ్ళు బావ తాత ఎంగిలి మేకులు ఆ బుగ్గలోనే పెట్టుకున్నావు, ఒక్క పన్ను కదల్లేదు. మేకులు మానేశాక పుచ్చాయి. ఇప్పుడు చెప్పు, పురుగు డబ్బాలోంచి ఎలా వచ్చింది?"

"ఆలోచిస్తున్నా. తొందరపెట్టకు. పురుగు అప్పుడే వచ్చి దాక్కుని ఉండొచ్చుగా."

"మేకులు నోట్లో ఉంటే ఉమ్మి ఊరుతూ ఉండేది. ఉమ్మి పంటికి కాపలా, పులుపుని కడిగేస్తుంది. ఇప్పుడు నోరెండుతోందా?"

"ఎండుతోంది. పిడచ కట్టుకుపోతోంది. ఆ తుమ్ముల మాత్ర మొదలుపెట్టినప్పటి నించీ. పాత స్పాంజి దుమ్ముకి తుమ్ములు ఆగకపోతే ఇచ్చారు చూడు. వేసుకుంటే ఒకటే నిద్ర, లేస్తే నోరు ఎడారి."

"అదీ ఒక కారణం. ఆ మాత్ర మార్పిద్దాం. నోరెండితే ఏం చేస్తావు?"

"నీళ్ళు తాగుతా."

"నీళ్ళేనా?"

"నీళ్ళే."

"మూడు పళ్ళూ ఎడమ పక్కే ఎందుకు పుచ్చాయి తాతా? నోరంతా ఎండితే కుడి పక్కా పుచ్చాలిగా?"

"అదే నేనూ అంటున్నా! మేకులు పెట్టుకున్న పక్కే!"

"మేకులు లేవుగా ఇప్పుడు. ఆ బుగ్గలో ఇప్పుడు ఏం పెట్టుకుంటున్నావు?"

"ఏం పెట్టుకుంటాను? ఖాళీ."

"నిజంగా ఖాళీయేనా?"

"నువ్వే కదా తెరిచి చూసి సూది పొడిచావు."

"నేను వెనక్కి తిరిగి చేతులు కడుక్కున్నాను. గదిలో నారింజ వాసనేస్తోంది. నేను నారింజ తినలేదు. నోరు తెరువు."

"ఇంకా మొద్దుబారలేదు."

"నోరు తెరువు తాతా."

"ఊఁ."

"నాలిక పక్కకి. ఇదేంటి?"

"ఏది?"

"ఈ బిళ్ళ! బుగ్గ సగం పట్టింది కాబట్టి నీకే తెలియడం లేదు, కారిపోతోంది. డాక్టరు కుర్చీలో కూర్చుని, పంచదార బిళ్ళ!"

"సూది నొప్పికి... ఒక్కటే."

"రోజుకి ఎన్ని?"

"ఒక్కటే అంటున్నానుగా. ఒకటి అయిపోయాక ఇంకొకటి."

"పొద్దుట్నించీ రాత్రిదాకా?"

"పనిలో ఉన్నంతసేపు. నోరు ఊరుకోదు అమ్మడూ. ఇన్నేళ్ళు మేకులతో ఆడిన నాలిక. ఏదో ఒకటి లేకపోతే బుగ్గ కొరుక్కుంటోంది."

"చెడ్డదానికి రోజంతా సంతర్పణ చేస్తున్నావు, పైగా ఎంగిలి మేకులని బావ తాత మీద పెడుతున్నావు! ఎవరు కొంటున్నారు నీకివి?"

"ఎవరూ కొనరు. డబ్బాలో ఉంటాయి."

"ఏ డబ్బాలో?"

"మేకుల డబ్బాలోనే. మేకులు పోయిన రెండు రోజులకి అలవాటుగా చెయ్యి పెడితే బిళ్ళలు తగిలాయి. అయిపోయేలోపు మళ్ళీ నిండుతాయి."

"ఎవరు నింపుతున్నారని అడగలేదా?"

"అడక్కూడదు."

"ఎందుకు?"

"ఎందుకంటే అడక్కూడదు. కొన్ని అడక్కూడదు. నువ్వు చిన్నపిల్లవి."

"నేను నీ పళ్ళు తవ్వబోతున్న డాక్టర్ని. చెప్పు."

"మీ అమ్మమ్మ."

"అమ్మమ్మా?"

"మధ్యాహ్నం క్యారేజీ తెస్తుంది కదా. తెచ్చినప్పుడు వేసి పోతుంది. పైకి చెప్పదు, మొహమాటం. నేనూ పైకి అనలేదు. ఈ వయసులో... ఆవిడేదో సరసంగా... పోనీలే అని. నవ్వకు. నవ్వావంటే లేచిపోతా."

"నవ్వట్లేదు. దగ్గు. తాతా, అమ్మమ్మ తీపి అంటేనే కత్తి తీస్తుంది. నీ టీలో చెంచా పంచదార వెయ్యనివ్వదు. అమ్మమ్మ వేస్తుందా?"

"మరి ఎవరు వేస్తారు? కొట్లో ఉండేది నేనూ వాడూ..."

"అవును."

"నేనూ... వాడూ..."

"అవును తాతా."

"వాడే! అమ్మడూ, వాడే! పంచదార వేస్తే పళ్ళు పుచ్చుతాయని వాడికి తెలీదా, నోరంతా పోగొట్టుకున్నవాడికి? తెలిసే వేశాడు! ఎంగిలితో పని కాలేదని బిళ్ళలు వేశాడు! రాయి. పురుగు ముక్క కొట్టెయ్యి. 'నువ్వు నా డబ్బాలో బిళ్ళలు పోసి నా నోరు నాశనం చేశావు' అని రాయి. గోడ చెక్కతో కాదు, ఇటుకతో కడతానని రాయి."

"తాతా, ఒక్క నిమిషం. అమ్మమ్మకి ఫోన్ చేస్తున్నాను."

"వద్దు! ఆవిడ వాడికి చెప్పేస్తుంది."

"స్పీకర్లో పెట్టాను. నువ్వు మాట్లాడకు."

"ఏమ్మా, అయిపోయిందా? ఏడ్చారా మీ తాత?"

"ఇంకా లేదు అమ్మమ్మా. ఒకటి చెప్పు. కొట్లో మేకుల డబ్బాలో నారింజ బిళ్ళలు ఎవరు వేస్తున్నారు?"

"ఏ బిళ్ళలు? నాకేం తెలుసు. పొయ్యి మీద పాలున్నాయి, పెట్టేస్తున్నా."

"పాలు కాగనీ. తాత మూడు పళ్ళు పుచ్చింది వాటి వల్లే. ఇంకో రెండు వరసలో ఉన్నాయి."

"అయ్యో! బిళ్ళల వల్లా? రోజుకి ఒకటో రెండో తింటారనుకున్నాడే వాడు!"

"వాడంటే?"

"ఇంకెవరు, మా అన్నయ్య. చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పక్కన మీ తాత లేరు కదా?"

"చెప్పు అమ్మమ్మా."

"ఆ తుమ్ముల మాత్ర మొదలుపెట్టిన కొత్త. మీ తాత పెద్ద సోఫా కింద కూర్చుని పని చేస్తూ చేస్తూ నిద్రలోకి జారిపోయారు. నోటి నిండా మేకులు. మా అన్నయ్య చూసేసరికి తల వెనక్కి వాలిపోయి ఉందట, గొంతులో గురగుర అంటోందట. ఒక్కటి లోపలికి జారినా అంతే కదమ్మా. లేపితే ఉలిక్కిపడి మింగేస్తారని లేపలేదు. తల పక్కకి తిప్పి, నోట్లో వేలు పెట్టి, ఒక్కో మేకూ ఏరి బయట పెట్టాడు. మీ తాత నిద్రలోనే మూలిగి, దవడ బిగించి, మళ్ళీ గురక పెట్టారట. లేచాక ఏమీ గుర్తు లేదు. ఇంటికొచ్చి 'ఇవాళ మంచి నిద్ర పట్టింది' అన్నారు నాతో."

"మరి తాతకి చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటారా? 'పని మొదలుపెట్టినప్పటి నించీ పెట్టుకుంటున్నా, నాకు చెప్పొచ్చావా' అంటారు. పంతానికి రెండింతలు పోసుకుంటారు. అందుకే గన్ను తెచ్చాడు. మేకులన్నీ బావిలో పోసి వచ్చాడు. డబ్బా ఖాళీగా ఉంటే మీ తాత వెళ్ళి కొత్తవి కొనుక్కొస్తారని, చెయ్యి పెడితే ఏదో ఒకటి తగలాలని, ఆ బిళ్ళలు పోశాడు. ఇప్పటికీ ఆయన కునుకు తీస్తే వాడికి భయమే. ఎక్కడైనా ఒక మేకు దొరికి నోట్లో పెట్టుకున్నారేమోనని టార్చి వేసి చూస్తాడు. మొన్నొకసారి దొరికిపోయాడట, దోమ అని చెప్పాడట. పిచ్చి వెధవ."

"అమ్మమ్మా, తాత అవి నువ్వు వేస్తున్నావనుకున్నారు."

"నేనా! నేనెందుకు వేస్తాను?"

"సరసానికట."

"ఛీ! ఆయనకి సిగ్గు లేకపోతే నీకైనా... అమ్మో, పాలు పొంగాయి. ఉంటా. ఆయనకి చెప్పకు."

"తాతా, బుగ్గ గిల్లుతున్నాను. తెలుస్తోందా?"

"లేదు."

"పట్టినట్టుంది. మొదలుపెడదామా?"

"ఆగు. ఆ గన్ను పిన్ను ఎలా ఉంటుందో తెలుసా నీకు?"

"నాకెలా తెలుస్తుంది?"

"రెండు కాళ్ళుంటాయి. వేలికి కొట్టుకుంటే రెండు చుక్కలు పడతాయి. పక్కపక్కనే. రెండే. వాడు కట్టు మార్చుకుంటుంటే నేను చూశాను. వేలికి పైనొక వరస, కిందొక వరస. అప్పుడు, వీడికి గన్ను పట్టుకోవడం కూడా రాదు, రెండు పక్కలా కొట్టుకున్నాడు అనుకుని నవ్వాను. వాడి ఎదురుగానే నవ్వాను. కాగితం తియ్యి."

"పాతది ఉంది కదా తాతా, 'బావా' అని."

"'బావా' ఉంచు. మిగతాది కొట్టెయ్యి. బాగా కొట్టెయ్యి, వెనక్కి కూడా కనపడకూడదు. రాయి. 'బావా, రేపు వడ్రంగి వస్తాడు. కొట్లో ఉన్న మూడు సీట్ల సోఫాకి అడుగు చెక్క పాడైంది, అది వెయ్యడానికి పిలిచాను.' రాశావా?"

"రాశాను."

"'డబ్బాలో బిళ్ళలు అయిపోవచ్చాయి. ఈసారి పంచదార లేనివి వెయ్యి. అలాంటివి ఉంటాయట, మన అమ్మడు చెప్పింది.' ఉంటాయా?"

"ఉంటాయి. నేను తెచ్చిస్తాను."

"'నీ బీరువా కూడా తీసుకొచ్చి అమ్మడికి చూపించు. రెండు అరలైనా మిగిలాయి, అవైనా కాపాడుతుంది. కునుకు తీసేటప్పుడు టార్చి మొహం మీద కాకుండా పక్క నించి వెయ్యి, కళ్ళు చెదురుతున్నాయి.' అంతా రాశావా?"

"రాశాను తాతా. కింద సంతకం పెడతావా?"

"పెడతా. ఇంటికి పోయేటప్పుడు నువ్వే కొట్టుకెళ్ళి వాడికి చదివి వినిపించు. వాడూ నాతో పాటు బడి గోడ దూకినవాడే, ఒక్క ముక్క రాదు. నేను ఎదురుగా ఉండను. నోరు సగం పడిపోయి ఉంది, ఏం మాట్లాడినా కంగాళీగా ఉంటుంది."

"సరే. ఇక నోరు తెరువు."

"ఉండు. అడుగున ఇంకొక్క ముక్క. అక్కడికొచ్చాక మాత్రం నెమ్మదిగా చదువు, నాలాగా. 'బావా, నేను కొరికిన వేలు ఇప్పుడు కాస్తైనా వంగుతోందా?'"